గంజి పెట్టిన కుక్కపిల్ల

గుణదలలో మా కింది వాటాలో ఉండే పిన్నిగారు నేతపని ఇంటావిడ. పెడనలో మగ్గం తీసేసి, భర్తతో ఇక్కడికి వచ్చేశారు. మా షిట్జూ కుక్కపిల్లది నేల మీద జీరాడే జుట్టు. నేను దువ్వెన తీస్తే చాలు, మంచం కింద దూరేది. ఆవిడ గుమ్మంలో కూర్చుంటే మాత్రం తనే వెళ్లి ఒళ్లో పడుకునేది. జుట్టు మొదలు పిడికిట్లో పట్టుకుని, కొసల నుంచి ఒక్కో పోగూ విడదీస్తూ, "తెంపనులేవే, తెంపను" అనేవారు. నూలు చిక్కు తీసేటప్పుడూ అలాగే అనేవారట. "మగ్గం పోయాక చేతులకి తోచట్లేదమ్మా, రోజూ పంపించు" అన్నారు నాతో.

వానాకాలంలో చిక్కులు మరీ ఎక్కువయ్యాయి. ఒకరోజు నేను ఆఫీసుకి వెళ్లినప్పుడు ఆవిడ, మగ్గం మీది పడుగు నూలుకి పెట్టినట్టే దానికి పల్చటి గంజి పట్టించి దువ్వారు. "ఇంక చిక్కు పడదు చూడు" అని సంబరంగా చూపించారు. నిజంగానే పట్టుకుచ్చులా మెరుస్తోంది. ఆ సాయంత్రమే అది వాన జల్లులో తడిసింది. తెల్లారేసరికి జుట్టంతా అట్టకట్టింది. డాక్టరుగారు మెషిన్‌తో మొత్తం తీసేయక తప్పలేదు.

మేమెవరమూ ఆవిడని ఒక్క మాట అనలేదు. బోడి ఒంటితో అది మామూలుగానే ఆవిడ ఒళ్లోకి ఎక్కింది. ఆవిడ చేతులు రెండూ ఎత్తేసి, దాన్ని ముట్టుకోకుండా, "తెంపనని చెప్పాను కదే నీకు" అన్నారు.

జుట్టు మళ్లీ పెరిగింది. నేను దువ్వెన తీసుకెళ్తే, "నాకు చూపు ఆనట్లేదమ్మా, నువ్వే దువ్వుకో" అనేవారు. అదే గుమ్మంలో కూర్చుని, సన్నటి దారంతో సన్నజాజులు కడుతూ.