ఆ ఇంటికే వచ్చిన ప్రకటనలు

2008 వేసవిలో నన్ను పలాస కేంద్రానికి సాంకేతిక అధికారిగా వేశారు. మాది కేబుల్ మీద ఇంటర్నెట్ ఇచ్చే ఒక ప్రైవేటు సంస్థ. నా కింద ఇద్దరు లైన్‌మెన్లు, నా పైన విశాఖపట్నంలో ప్రాంతీయ మేనేజరు. చేరిన కొద్ది రోజులకే అక్కడి నుంచి ఒక పెట్టె వచ్చింది. ప్రధాన లైనుకు తగిలించమన్నారు.

ఏ కనెక్షన్ నుంచి ఏ పేజీలు తెరుస్తున్నారో చూసి, తగిన ప్రకటనలు ఆ కనెక్షన్‌కే పంపడం దాని పని. అప్పట్లో చాలా పేజీలు పోస్టుకార్డుల్లాగే వెళ్లేవి, దారిలో ఎవరైనా చదవొచ్చు. ఖాతాదారులకు చెప్పొద్దా అని మేనేజరును అడిగాను. పేర్లు తీసుకోవడం లేదు, కనెక్షన్ నంబరు మాత్రమే, చెప్పేదేముంది అన్నారు. పైగా దీనికి ఒప్పుకుంటున్నట్టు దరఖాస్తు వెనక ఒక వాక్యం ఉందట. అది చదవడానికి నాకే భూతద్దం కావలసి వచ్చింది.

కొంతకాలానికి వైరస్ పట్టిందని ఒక ఫిర్యాదు వచ్చింది. జీడిపప్పు వ్యాపారి సింహాచలం గారిల్లు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానంలోని ఒక పల్లె నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఆయన అన్నగారు కిడ్నీ జబ్బుతోనే పోయారు. ఫిర్యాదు సింహాచలం గారి భార్య రవణమ్మ గారిది. వంటల పేజీ తెరిచినా, చీరలు చూసినా పక్కన డయాలసిస్ ఆసుపత్రి ప్రకటనేనట. కంప్యూటర్ పరీక్షించి, వైరస్ లేదని చెప్పాను.

"మరేటి బాబూ? కాశీబుగ్గలో మా సెల్లి ఇంట్లోనూ మీ నెట్టే గదా! అది సీరలెతికితే దానికి సీరలే వస్తన్నాయి. మాకే ఈ ఆసుపత్రులెందుకొస్తన్నాయి?"

సింహాచలం గారు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారు. చెప్పొద్దని ఆ చూపు. అబద్ధమాడటానికి నోరు రాలేదు, నిజం చెప్పడానికి నేనెవర్ని? ప్రకటనలు ఆపించేస్తానని మాత్రం అన్నాను.

ఆవిడ నన్ను వదిలేసి భర్త వైపు తిరిగారు. "నాను ఆసుపత్రులేటీ ఎతకలేదు. నువ్వేటి ఎతికినావు?"

"రగతం పరీచ్చ బాగోలేదు" అన్నారాయన. "సెప్తే బెంగెట్టుకుంటావని..."

నాకు సిగ్గేసింది, మా సంస్థ మీద ఒళ్లు మండింది కూడా. లేస్తూ, ప్రకటన ఆపించమంటారా అని మళ్లీ అడిగాను.

"ఉండనీండి బాబూ. ముందు ఆ ఆసుపత్రి ఫోన్ నంబరు రాసుకోనీండి" అని ఆవిడ నా ఎదుటే ఆ ప్రకటన మీద నొక్కారు.

నెలాఖరు నివేదికలో పలాస నుంచి ఫలించిన ప్రకటనగా అది లెక్కకెక్కింది. మేనేజరు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. నేను జరిగింది రాసి పంపి, పెట్టె తీసేయమని కోరాను. ఖాతాదారు పేరు ఎక్కడా బయటికి రాలేదు కాబట్టి నియమం తప్పినట్టు కాదని జవాబు వచ్చింది. తర్వాతెప్పుడో పెట్టె తీసేశారు, గిట్టుబాటు కాలేదని.

పేరు రాయనంత మాత్రాన గుట్టు దాచినట్టు కాదని నాకు అక్కడ తెలిసింది. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే.