ఉల్లిగడ్డ పట్టుకొని హద్దు వెతికిన రోజు

నా చిన్నప్పుడు నాకొక పిచ్చి ఉండేది. ఎవరి నోట ఏ మాట విన్నా, ఆ మాట చెప్పే వస్తువును కళ్లారా చూస్తే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు. గ్రహణం పట్టిందంటే పట్టిన చేతులేవని అడిగేదాన్ని. రైలుకు లైన్ క్లియర్ అయిందంటే ఎవరు ఊడ్చారని అడిగేదాన్ని. డోర్నకల్‌లో పెరిగినదాన్ని కనుక ఈ ప్రశ్న స్టేషను దాకా పాకింది. అక్కడి గేటు మనిషి నేను కనబడితే చాలు, "ఇయ్యాల జల్ది ఊడిసినం బిడ్డా" అని ఏడిపించేవాడు. నా ప్రశ్నలు మా అమ్మకు తలనొప్పి. మా తాతయ్యకు మాత్రం ఎక్కడలేని సంబరం.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలన్న గొడవ లేచి బడులు మూతపడ్డాయి. పిల్లలకు అంతకంటే ఏం కావాలి? పెద్దలు ఊరేగింపులు తీస్తే వాళ్ల వెనకాల మేమూ తీసేవాళ్లం. అప్పుడే నా చెవిన రెండు మాటలు పడ్డాయి. ఒకటి ముల్కీ, అంటే ఈ నేల మనిషి. రెండోది హద్దు. హద్దు అవతలివాళ్లు మన నౌకరీలు తన్నుకుపోతున్నారు, హద్దు అవతలికి పంపాలి అని మా చిన్నాయన పొద్దస్తమానం అనేవాడు. ముల్కీ ఎట్లా ఉంటాడో నాకు తెలుసు, మా చిన్నాయనలాగే ఉంటాడు. హద్దు ఎట్లా ఉంటుందో మాత్రం తెలియలేదు. పొలంలో అయితే గెట్టు ఉంటుంది, గెట్టు మీద రాయి ఉంటుంది. ఇంత పెద్ద తెలంగాణకు ఎంత రాయి పాతి ఉండాలి!

చిన్నాయన బి.ఏ. చదివి ఇంట్లో కూర్చున్నాడు. మానుకోట ఆఫీసులో ఒక కొలువు ఖాళీ ఉందంటే అది తనకే అనుకున్నాడు. దాన్ని అటువైపు నుంచి వచ్చిన ఒకతను తప్పుడు ముల్కీ కాగితంతో ఎగరేసుకుపోయాడు. చాలదన్నట్టు మా మాట తీరును సినిమాల్లో వెక్కిరించేవారు. చిన్నాయన కోపం ఉత్త కోపం కాదు, మా ఇంట్లో ఎవరూ దాన్ని తప్పనలేదు. నేను ఇప్పటికీ అనను. అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తకుండా లేచిపోయే మనిషిని చూసినదాన్ని నేను.

ఆ రోజుల్లో మా అంగడిలో ఉల్లిగడ్డ పరీక్ష మొదలైంది. ఎవరి మీద అనుమానం వచ్చినా, చిన్నాయన జతగాళ్లు ఉల్లిగడ్డ చూపించి "గిదేంది?" అని అడిగేవారు. ఉల్లిగడ్డ అంటే మనవాడు, వదిలేసేవారు. ఉల్లిపాయ అన్నాడో, దొరికిపోయాడన్నమాటే. ఊళ్లో పరాచికంగానే మొదలైన ఆ ఆట రానురాను పదునెక్కింది. పరీక్షలో తప్పినవాళ్లకు సామాను సర్దుకోమని చెప్పడం దాకా వచ్చింది.

మా పెరటి వైపు రెండు అర్రల్లో అద్దెకున్న అక్క అందుకే అంగడికి పోవడం మానుకుంది. నేను పెరటి అక్క అని పిలిచేదాన్ని. వాళ్లది కృష్ణా జిల్లా. ఆమె భర్త మానుకోటలో చిన్న గుమాస్తా, రోజూ రైల్లో పోయి వచ్చేవాడు. చిన్నాయన కొలువు కొట్టేసింది అతను కాదు, అంతకు చాలా ముందే వచ్చినవాడు. అయినా మాట మాత్రం ఉల్లిపాయ మాటే. అక్క రోజూ నా తల దువ్వి రెండు జడలు వేసేది. ఒకసారి మా అమ్మ మందపాటి మూకుట్లో మినప్పిండి పోసి నిప్పుల మీద పెడితే, ఆ వాసనకు పరుగున వచ్చి, "మీ ఇంట్లో కూడా దిబ్బరొట్టె చేస్తారా!" అని కళ్లు పెద్దవి చేసింది. చేయమా మరి? మా నాయనమ్మ బతికున్నప్పటి నుంచి అది మా ఇంటి రొట్టె. మా వాడకట్టులో ఇంకెవరూ చేయరన్న సంగతి నేను అప్పటిదాకా గమనించలేదు. అక్క అప్పుడు నిండు మనిషి. ప్రయాణం చేసే ఒళ్లు కాదు.

ఒకనాడు చిన్నాయన తన జతగాళ్లను వెంటబెట్టుకొని వచ్చి తాతయ్య ముందు నిలబడ్డాడు. "బాపూ, పెరట్ల ఉన్నోళ్లను ఖాళీ చేయమని చెప్పు. మన ఇంట్లనే పెట్టుకొని మందిని ఎట్ల పొమ్మంటం? నా ఇజ్జత్ పోతున్నది" అన్నాడు. తాతయ్య ముక్కుపొడుం పీల్చి, తీరిగ్గా తుమ్మి, "ఆ పిల్లకు ఎన్నో నెలరా?" అని అడిగాడు. గదంత మాకెట్ల ఎరుక అన్నాడు ఒకడు.

తాతయ్య నన్ను దగ్గరికి లాక్కున్నాడు. "సరే. హద్దు అవుతలికి పంపాలంటున్నరు గద. ఆ హద్దు ఏడున్నదో, ఎట్లున్నదో ముందుగాల ఈ పిల్ల చూసిరానీ. చూసొచ్చి మీ అందరి ముంగట చెప్పినంక పంపుదం" అన్నాడు. ముసలాయన మెత్తబడ్డాడనుకొని వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. నేను ఎగిరి గంతేశాను. ఆ తర్వాత అక్క నా తల దువ్వుతుంటే అసలు సంగతి తట్టింది. నాకు హద్దు కనబడితే అక్క వెళ్లిపోవాలి. చూడాలనీ ఉంది, కనబడొద్దనీ ఉంది. అంత చిన్న కడుపులో అంత పెద్ద పేచీ పట్టడం అదే మొదలు.

రైళ్లు సరిగ్గా నడిచిన ఒక రోజు పొద్దున్నే బెజవాడ వైపు పోయే ప్యాసింజరు ఎక్కాం. నేను అమ్మనడిగి ఒక ఉల్లిగడ్డ తెచ్చుకున్నాను. రాయి కనబడకపోయినా మాట ఎక్కడ మారితే అదే హద్దు అని నా లెక్క. తాతయ్య మెచ్చుకున్నాడు. పెట్టెలో మాతో ఎక్కినవాళ్లు, ఖమ్మం దాకా, ఉల్లిగడ్డ అనే అన్నారు. ఖమ్మంలో పల్లికాయ అమ్మే ఆమె ఉల్లిగడ్డ అంటే, ఆమె పక్కనే చాయ్ అమ్మేవాడు ఉల్లిపాయ అన్నాడు. మధిరకు వచ్చేసరికి నేనడిగిన ప్రతివాళ్లూ ఉల్లిపాయే. "తాతా, హద్దు వచ్చింది!" అని అరిచాను, అరిచి నాలుక కరుచుకున్నాను. తాతయ్య నవ్వాడు. "మధిర మనదేనే పిచ్చిదానా. మీ నాయినమ్మ తల్లిగారి ఊరు గీ దగ్గర్నే" అన్నాడు. నా పరీక్ష బోల్తా కొట్టిందని నాకెంత సంతోషమో! దాని వెనకే కొత్త సందేహం. మరి మధిరవాళ్లు మా అంగడికి వస్తే ఏమైనట్టు?

ఎర్రుపాలెంలో దిగి అటువైపు పోతున్న ఎడ్లబండి ఒకటి ఎక్కాం. కొంత దూరం పోయాక ఒక చిన్న వాగు దగ్గర తాతయ్య బండి ఆపించి, "దిగు, ఇదే" అన్నాడు. చుట్టూ చూశాను. రాయి లేదు, గీత లేదు. వాగులో పిక్కల లోతు నీళ్లు, ఇటు గడ్డి, అటు గడ్డి. ఇటు మేసిన మేకలు అటుపోయి మేస్తున్నాయి. నేను ఇవతల ఒక కాలు, అవతల ఒక కాలు వేసి నిలబడ్డాను. ఏదైనా తెలుస్తుందేమోనని కళ్లు మూసుకొని చూశాను. నీళ్లు చల్లగా ఉన్నాయి, అంతే.

అప్పుడు తాతయ్య చెప్పాడు. ఒకప్పుడు ఇక్కడ నిజంగానే హద్దు ఉండేదట. ఇటు నిజాం రాజ్యం, అటు ఇంకొకరి రాజ్యం. బాట మీద అడ్డంగా బొంగు, బొంగు పక్కన సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి వాళ్లు. పోలీసు యాక్షన్‌కు ముందు, ఇండ్లు తగలబడుతున్న గడబిడ రోజుల్లో, తాతయ్య, నాయనమ్మ డోర్నకల్ వదిలి ఆమె పుట్టింటికి వచ్చారట. అక్కడా అదే భయం. ఇక బొంగు దగ్గరికి పోకుండా, జొన్నచేలో పడి, ఈ వాగు దాటారు. నాయనమ్మ నడవలేకపోతే తాతయ్య ఎత్తుకొని దాటించాడు. "దొంగతనంగ దాటిన్రా తాతా?" అని అడిగాను. "దొంగతనంగనే బిడ్డా" అన్నాడు తాతయ్య, దాచుకోకుండా.

ఆ అవతలి ఊళ్లో ఒక పెంకుటింటి ముందు బండి దిగాం. ఒక పెద్దావిడ బయటికి వచ్చి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చూసి, "తమ్ముడూ!" అంటూ తాతయ్య రెండు చేతులూ పట్టుకుంది. నాయనమ్మ పోయిందని తెలిసి అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చింది. ఏడుపయ్యాక నా ఆకలి గుర్తొచ్చి మందపాటి రొట్టె ముక్క కోసి పెట్టింది. కొరికి చూస్తే దిబ్బరొట్టె! "ఇది మా ఇంటి రొట్టె" అన్నాను. ఆమె ఏడుస్తూనే నవ్వింది. "మీ ఇంటిదెలా అవుతుందే? మీ నాయనమ్మకు నేర్పింది నేను" అంది. నేను ఊరుకుంటానా, జేబులోంచి ఉల్లిగడ్డ తీసి పరీక్ష పెట్టాను. ఆమె దాన్ని చూసి ఉల్లిగడ్డ అంది. మా ఊరి మాట! మీరు ఉల్లిపాయ అనాలి కదా అంటే, "అత్తింటి మాటే మాట్లాడే మీ నాయనమ్మతో ఆరు నెలలు కలిసి వంట చేశానమ్మా. ఇంట్లో అందరికీ అదే నోటికొచ్చేసింది" అంది.

ఇంటి వెనక పశువుల కొట్టం చూపించింది. ఆనాడు తాతయ్యవాళ్లు వచ్చి తలుపు కొట్టినప్పుడు ఏ ఊరని గాని, ఏ కులమని గాని ఆమె అడగలేదట. నాయనమ్మను చూసి, "ఎన్నో నెలమ్మా?" అని అడిగి, ఎడ్లను విప్పి బయట కట్టి, కొట్టం ఊడ్చి ఇచ్చిందట. ఆ కొట్టంలోనే నాయనమ్మ పురుడు పోసుకుంది. దూలానికి ఉయ్యాల కట్టిన చోటు ఇంకా నున్నగా ఉంది. తాతయ్య మునివేళ్ల మీద లేచి ఆ చోటు తడిమాడు. ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి.

"ఆ పిల్లాడు ఎలా ఉన్నాడు తమ్ముడూ? ఏం చేస్తున్నాడు?" అని ఆమె అడిగింది. తాతయ్య తల దించుకొని, "మంచిగ చదివిండు అక్కా. నౌకరి దొరుకుతలేదు" అన్నాడు. పుట్టినవాడెవరో నాకు అప్పుడు తెలిసింది. తాతయ్య మిగతాది చెప్పలేదు. ఎట్లా చెబుతాడు? ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "అక్కడ దొరక్కపోతే ఇక్కడికి పంపించు. వాడు పుట్టిన ఊరే కదా ఇది, కాదనేదెవరు?" అంది.

సాయంత్రం రైల్లో తిరిగి బయలుదేరాం. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో దారిలో తాతయ్య నాకు నేర్పలేదు. ఇల్లు చేరేసరికి చిన్నాయన, ఆయన జతగాళ్లు అరుగు మీదే ఉన్నారు. పెరటి తలుపు వారగా అక్క నిలబడి ఉంది. "చూసినవానే హద్దు? ఎట్లున్నది?" అని చిన్నాయన నవ్వుతూ అడిగాడు.

"హద్దు కనపడలే చిన్నాయనా. వాగున్నది, మేకలున్నయి. గని నువ్వు పుట్టిన కొట్టం కనపడ్డది. గది అవుతలే ఉన్నది" అన్నాను. "నీకీడ నౌకరి దొరక్కపోతే ఆడికి రమ్మన్నది ఆ అవ్వ. నువ్వు పుట్టిన ఊరేనట, కాదనేటోళ్లు ఎవ్వరట" అని మొత్తం అప్పజెప్పాను.

చిన్నాయన తాతయ్య మొహం చూశాడు. తాతయ్య అవునని తల ఊపాడు. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని చిన్నాయన అడగలేదు, అడుగుతాడని నేను ఎదురు చూశాను. బహుశా పరాయి కొట్టంలో బిడ్డను కన్నామన్న చిన్నతనం తాతయ్యదై ఉంటుంది. చిన్నాయన లేచి లోపలికి పోయాడు. జతగాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

ఆయన ఊరేగింపులకు పోవడం మానలేదు. తప్పుడు కాగితాల మీద కోపమూ పోలేదు, పోవలసిన కోపమూ కాదది. కానీ ఉల్లిగడ్డ పరీక్ష మా అంగడిలో మళ్లీ కనబడలేదు. కొన్ని వారాలకు అక్కకు నొప్పులు మొదలైతే, అడగకముందే పోయి రిక్షా తెచ్చి, మిషన్ దవాఖాన దాకా దాని పక్కన పరుగెత్తింది చిన్నాయనే. పిల్లాడు పుట్టాడన్నాక గుమ్మంలో నిలబడి, "గిప్పుడు వీడు ముల్కీనా, కాదా?" అని తనలో తానే అనుకొని నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు నా మనవళ్లు టీవీలో ఏదో దేశపు కంచెను చూస్తూ కొట్లాడుకుంటారు. ఒకడు దాటనీయొద్దంటాడు, వాడి మాటలో చిన్నాయన కనబడతాడు. ఇంకొకడు రానిమ్మంటాడు, వాడి మాటలో ఆ కొట్టం కనబడుతుంది. నువ్వే చెప్పు నాయనమ్మా అంటే నేను తీర్పు చెప్పలేను. హద్దు వద్దని నేననను, చూసేటందుకు పోయి చూడలేక వచ్చినదాన్ని. చిత్రం ఏమిటంటే, ఆ అవ్వ పేరు కూడా నాకు తెలియదు, అడగాలని ఆ రోజు తోచలేదు. ప్రతి మాటకూ వస్తువు చూపించమని వేధించిన నాకు ఆమె దగ్గర దొరికింది ఒక ప్రశ్న. కొత్త మనిషి ఎవరు నా గుమ్మంలోకి వచ్చినా ఏ ఊరు అనే మాట ముందు నా నోటికే వస్తుంది, అందరిలాగే. దాన్ని మింగి, తిన్నావా అనో, ఎన్నో నెల అనో ముందు అడుగుతాను. ఊరు సంగతి తర్వాత అడుగుతాను, కొన్నిసార్లు అడగడమే మరిచిపోతాను.