సుద్దతో రాసిన ఇంటి నంబరు

ఉప్పల్‌లో సిటీబస్సులోకి కోళ్లు, మంచాలు ఎక్కడం చూశాను గానీ, ఒక ఇల్లు ఎక్కడం ఆ ఒక్కసారే చూశాను. ఇల్లంటే మొత్తం కాదు, రేకు తలుపు. దాన్ని మోసుకొచ్చిన ఆమె నా వెనకే నిలబెట్టింది.

"ఏందక్కా, కిటికీలు ఎనక బస్సుల వస్తున్నయా?" అన్నాడు కండక్టర్. ఇంజనుతో సహా బస్సంతా నవ్వింది.

ఆమె నవ్వలేదు. "నిన్న గుడిసె కూలగొట్టిన్రన్నా. మున్సిపాలిటోళ్లు, ఏదో సంస్థోళ్లు కలిసి ఆడ పేదోళ్లకు ఇండ్లు కట్టిస్తున్నరు గద, సర్వేల ఆళ్లు రాసిన నంబరు దీనిమీదనే ఉన్నది. నాచారం ఆఫీసుల ఇయ్యాల సూపియ్యకుంటే ఇల్లు రాదంట." నాతో మెల్లగా, "సుద్దతోటి రాసిన్రు, జర ఆనకు అన్నా," అంది.

"గాలికి కూడా ఆననమ్మా," అన్నాను గొప్పగా.

మలుపులో డ్రైవర్ బ్రేకు వేశాడు. సగం హైదరాబాదు నా మీద, నేను తలుపు మీద పడ్డాం. నాచారంలో ఆమె తలుపెత్తుకుని గబగబా దిగిపోయింది.

ఇంటికెళ్లి నల్లచొక్కా విప్పితే వీపున తెల్లగా అంకెలు, తిరగబడి ఉన్నాయి. ఆ చొక్కా పట్టుకుని ఆఫీసుకు పరిగెత్తాను.

"తలుపు తెచ్చినామెనా? నంబరు లేదని పంపిచ్చిన్రు సార్," అన్నాడు వాచ్‌మన్.

ఎటు పోయిందని అడిగాను.

"ఎటని సెప్తది సార్, ఇల్లు లేకపాయె."