పడుగు పట్టుకుని కరంజ్‌వాడి దాకా

ఈ ప్రయాణం ఒక ఫోనుతో మొదలైంది. సోలాపూర్ నీలం నగర్‌లో మా ఇంట్లో తువ్వాళ్ల అంచులు కుడుతుంటే, కరంజ్‌వాడి నుంచి మా మేనత్త నర్సవ్వ ఫోన్ చేసింది.

"రేపు పదకొండుకు సుతార్ వస్తున్నడే. మీ బావ మగ్గం పీకిపిచ్చి ఆడ కిరాణా దుకాన్ పెడ్తడంట. పడుగు జానెడే మిగిలింది. నేసుడు బంద్ జేసి కూసున్న. కొత్త పడుగు తెస్తవా, లేదా?"

"తెస్త అత్తా."

మా నేతవాళ్లలో ఒక పట్టింపు ఉంది. నిలువు పోగుల పడుగు ఎక్కిన మగ్గాన్ని ఎవరూ కదిలించరు. ఉన్నదంతా నేసి, బట్ట కోసి దించాకే సుతార్, అంటే వడ్రంగి, దానిమీద చెయ్యి వేస్తాడు. అందుకే అత్త ఆ చివరి జానెడు నేయకుండా ఆపింది. ఆ కొసలకు కొత్త పోగులు అతకడం మొదలుపెడితే మగ్గం మళ్లీ ఎక్కినట్టే లెక్క. కొత్త పడుగు మా ఊళ్లోనే, జోడ్‌భావి పేట్‌లో ఎప్పుడో సిద్ధమైంది. తీసుకెళ్తానన్న అత్త కొడుకు, మా బావ, కావాలనే తీసుకెళ్లలేదని విని నాకు ఒళ్లు మండింది. మగ్గం పోతే అత్తకు చేతిలో పని ఉండదు, ఇంట్లో మాట చెల్లదు. అది నాకు బాగా తెలుసు.

తెల్లవారగానే ఆటోలో జోడ్‌భావి పేట్ వెళ్లాను. పడుగు చేసే ఆయన ఇంకా వేపపుల్లతోనే ఉన్నాడు. పోగులు జారకుండా నల్ల దారం పడుగును చుట్టి, పాత చద్దర్‌లో మూటకట్టి ఇచ్చాడు. అదే ఆటోలో సోలాపూర్ స్టేషన్‌కు వెళ్లి, పది రూపాయల టికెట్ తీసుకుని ఏడున్నర ప్యాసింజర్ ఎక్కాను. కరంజ్‌వాడి వెళ్లాలనుకునేవాళ్లు ఈ బండే పట్టుకోవాలి. ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు.

పక్క సీటు ముసలమ్మ బీడీ ఆకు సంచితో కూర్చుంది. నా మూటను చూసి నవ్వింది. "పిల్లనా ఏంది, ఒళ్లె పెట్టుకున్నవు? కింద పెట్టరాదు?"

"చిక్కుపడితే పిల్లకన్న ఎక్కువ ఏడిపిస్తది అవ్వా."

హోట్గీ దాటాక బండి పొలాల మధ్య ఆగిపోయింది. ఎదురు బండికి దారి ఇవ్వాలట. తొమ్మిదయింది, తొమ్మిదిన్నరయింది, కదలదు. దిగి పట్టాల వెంబడి నడుద్దామా అనిపించింది. అవ్వ నా ముఖం చూసి, నేను ఎక్కడికి వెళ్తున్నానో అడిగింది. కరంజ్‌వాడి అనగానే పక్కున నవ్వింది.

"గాడ ఉన్నోల్లంత తప్పుదిగినోల్ల మనుమలే గద!"

ఆమె చెప్పింది ఇది. వెనకటి కాలంలో మనవాళ్లు తెలంగాణ నుంచి సోలాపూర్‌కు బతకడానికి వస్తుంటే, చదువు రానివాళ్లకు పెద్దలు ఒకే గుర్తు చెప్పి పంపేవారట: పట్టాల పక్కన రంగు నూలు ఆరేసి కనిపిస్తే దిగండి, అదే సోలాపూర్. కరంజ్‌వాడి స్టేషన్ బావి దగ్గర ఎవరో అద్దకం ఆయన నూలు ఆరేసుకున్నాడు. అది చూసి నాలుగు కుటుంబాలు మూటలతో సహా దిగిపోయాయి. అది సోలాపూర్ కాదని బండి వెళ్లిపోయాక గాని తెలియలేదు. నీళ్లున్నాయి కదా అని అక్కడే మగ్గాలు పెట్టుకున్నారు. మా అత్త మామగారి తండ్రి వాళ్లలో ఒకడై ఉండాలి. అత్తను అడగాలనుకున్నాను గాని, ఆ పూట తీరిక దొరకలేదు.

బండి కరంజ్‌వాడి చేరేసరికి పదకొండు కావస్తోంది. మూట నెత్తిన పెట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్లాను. వడ్రంగి అప్పటికే వచ్చి వాకిట్లో చాయ్ తాగుతున్నాడు. రంపం బయటికి తీసి పెట్టుకున్నాడు.

"బండి లేటు గావాలని మొక్కుకున్న మరదలా," అన్నాడు బావ.

"దేవుడు కూడ సాలోడే, మన నేతోడే బావా," అని లోపలికి దూరాను.

అత్త వేళ్లకు బూడిద రాసుకుని కూర్చుంది, నాకూ రాసింది. పాత పోగు కొసకు కొత్త పోగు కొస పెట్టి మెలేయడం. ఒకటి, మళ్లీ ఒకటి. బూడిద లేకపోతే పోగు వేలికి పట్టదు. నాలుగు వేళ్ల వెడల్పు అతికేసరికి వడ్రంగి లోపలికి వచ్చాడు. వంగి చూశాడు. రంపాన్ని సంచిలో పెట్టుకుంటూ మరాఠీలో అన్నాడు, పడుగు ఎక్కిన మగ్గాన్ని తన తండ్రీ కదిలించలేదని, తానూ కదిలించనని.

"సగం గూడ కాలేదు!" అని బావ అరిచాడు.

"మొదలైంది కదా," అని ఆయన వెళ్లిపోయాడు.

బావ విసురుగా బయటికి నడిచాడు. అత్త వేళ్లలోంచి పోగులు జారిపోతున్నాయి. నాకేమో ఈ పని చేసి ఏళ్లయింది. సాయంత్రానికి పావు వంతు కూడా కాదని భయం పట్టుకుంది. జొన్నరొట్టె, పల్లీల చట్నీ తిని మళ్లీ కూర్చున్నాం. కాసేపటికి బావ గొణుక్కుంటూ వచ్చాడు.

"జరుగు. గట్ల అతికితే రేపే తెగుతది," అని నన్ను పక్కకు నెట్టి కూర్చున్నాడు. అత్త అతని వైపు చూడలేదు. బూడిద గిన్నె మాత్రం అటు జరిపింది.

తిరుగు బండి ఐదున్నరకు. స్టేషన్ చిన్నదే: రాతి కట్టడం, ఒక టికెట్ కిటికీ, ఒక నల్లా, రెండు బెంచీలు. కిటికీ బండికి ముందు మాత్రమే తెరుస్తారు. చాయ్ దొరకదు. ఒకప్పుడు తువ్వాళ్ల మూటలు బండికెక్కించిన సామాన్ల గదికి ఇప్పుడు తాళం ఉంది. ఆడవాళ్లు ఒంటరిగా వచ్చినా భయం లేదు.

బావ స్టేషన్ దాకా వచ్చాడు. బండి కనిపించాక అడిగాడు.

"ఈ పడుగు ఎన్ని దినాలొస్తది?"

"మూడు నెలలు."

"తర్వాత?"

"మల్ల తెస్త. నువ్వు సుతార్‌ను పిలిచినప్పుడల్ల తెస్త."

బండి వచ్చి ఆగింది. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. చద్దర్ ఖాళీగా ఒళ్లో ఉంది, నడుము నొప్పి, మనసు మాత్రం నిబ్బరంగా ఉంది. బండి కదిలేటప్పుడు బావ కిటికీ వెంట రెండడుగులు నడిచాడు.

"ఈసారి నల్ల దారం తేకు," అన్నాడు. "అతికేటప్పుడు నా కండ్లకు కనవడ్తలేదు."