పచ్చి మామిడి గిటారు

మా పెద్దవాడు తన చేతులతో ఒక కరెంటు గిటారు చేశాడు. అది చెడింది నా మూలంగా.

పంతొమ్మిది వందల డెబ్బైల నాటి మాట. మా పొలాలకు కరెంటు లైన్లు వచ్చి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. వేసవి వచ్చిందంటే వోల్టేజీ చాలక బావుల మీద మోటార్లు ఒకదాని వెనక ఒకటి కాలిపోయేవి. తిరువూరు బజార్లో మోటార్లకు వైండింగు కట్టే షాపులో వాడు పనిచేసేవాడు. మూడో ఏట పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. నాగలి పట్టలేడు, గట్టు మీద నిలదొక్కుకుని నడవలేడు. కూర్చుని చేసే పని దొరికింది, వాడి అన్నం వాడు తింటాడు, ఇక నాకు దిగుల్లేదనుకున్నాను.

ఒక వేసవిలో ఊళ్లో పెళ్లికి విజయవాడ నుంచి ఆర్కెస్ట్రా వచ్చింది. పాట మధ్యలో వాళ్ల యాంప్లిఫయరు కాలితే మావాణ్ణి పిలిపించారు. బాగుచేసి ఇచ్చి, కూలి వద్దు, గిటారు ఒక్కసారి పట్టుకోనివ్వండి అన్నాడట. అంతకుముందే తిరణాల్లో కొన్న బుల్‌బుల్ వాద్యం మీద, రేడియోలో విన్న పాట విన్నట్టు వాయించేవాడు. ఆ పెళ్లి తర్వాత ఏడాదిపాటు ప్రతి ఆదివారం పొద్దున బస్సెక్కి విజయవాడ వెళ్లి ఆ ఆర్కెస్ట్రాలో వాయించే అతని దగ్గర గిటారు నేర్చుకున్నాడు. నేర్పినతనికి మద్రాసులో పని దొరికింది. తన చోటు ఖాళీ అవుతోందని, మాఘమాసం పెళ్లిళ్ల నాటికి సొంత గిటారుతో వస్తే పెట్టుకుంటారని వీడికి చెప్పాడు.

ఆ మాట మోసుకుని వాడు వంటింటి గడప దగ్గర కూర్చున్నాడు.

"ఒక్క గిటారు కొనిపెట్టమ్మా. ఇంకేం అడగను."

"షాపు మానేసి ఊళ్లమ్మట వాయించుకుంటూ తిరుగుతావా? ఆర్కెస్ట్రావాడికి పిల్లనెవరిస్తార్రా?"

"ఇప్పుడు మాత్రం ఎవరు క్యూ కట్టారమ్మా?" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. కొననన్నాను. అయితే నేనే చేసుకుంటానన్నాడు. ఆ తర్వాతి ఆదివారం పాత కేలండరు కాగితాన్ని పొడుగ్గా కత్తిరించి పట్టుకెళ్లాడు. దాన్ని నేర్పే అతని గిటారు మెడ వెంట పరిచి, మెడకు అడ్డంగా ఉండే మెట్టు మెట్టుకీ పెన్సిలుతో గీత పెట్టుకుని వచ్చాడు. కాగితం నలగకుండా రెండు అట్టల మధ్య పెట్టి దాచుకున్నాడు.

ఇక కర్ర కావాలి. మా అటక మీద నాలుగు పనస పలకలున్నాయి. మా నాన్న మా పుట్టిల్లు పెనుగొలనులో, పురుగు పట్టకుండా అమావాస్య రోజుల్లో కొట్టించి కోయించిన చెట్టువి. ఎనిమిదేళ్లు ఆరి ఇనుములా అయ్యాయి.

"ఒక్క పలక ఇవ్వమ్మా. మెడకి చాలు."

"అవి కొత్త గది తలుపులకి."

"గదే కట్టలేదుగా?"

"కట్టిననాడు ఎక్కణ్ణుంచి తెస్తా? పోయిన మీ తాత లేచొచ్చి మళ్లీ చెట్టు కొట్టిస్తాడా?"

శ్రావణంలో గాలివానకు మా చేలో మామిడిచెట్టు పడిపోతే పలకలు కోయించాం. అందులో ఒకటి తీసుకోమన్నాను. తలుపు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు.

"అమ్మగారూ, ఇది పచ్చిది. పెట్టెలకైతే పరవాలేదు. తీగలు లాగే మెడకి పెడితే ఒంగుద్ది. ఏడాదన్నా నీడన ఆరాలి."

"కట్టె ఆరబెట్టడం నాకు నేర్పుతున్నావా నువ్వు?" అన్నాను.

మా పొయ్యి పైన వెదురుబద్దల అటక ఇంకోటి ఉండేది. వానాకాలం తడికట్టెలు దాని మీద వారం పెడితే పొగకూ సెగకూ ఆరి భగ్గున మండేవి. కొత్తకోడలిగా వచ్చిననాటి నుంచి ఆ పొయ్యిలో తడికట్టె పెట్టి ఎరగను. అంటుకుంటే ఆరినట్టే, అంతవరకే నాకు తెలుసు. వారం కాదు, నలభై రోజులు పెట్టాను ఆ పలకను. మసిబట్టి నల్లగా దిగింది. వేలితో కొడితే టంగుమంది.

"ఆరిందంటావా అమ్మా?" అని అడిగాడు.

"ఆరింది."

వాడు మళ్లీ అడగలేదు.

కార్తీకమంతా మధ్యాహ్నాలు షాపు నుంచి వచ్చి, అన్నం తిని, అరుగు మీద కాళ్లు చాపుకుని ఆకురాయితో ఆ కర్రను అరగదీసేవాడు. మెట్లకు సైకిలు చక్రం పుల్లలు కోశాడు. తీగలు బిగించే మరలు ఆర్కెస్ట్రావాళ్ల పాత గిటారువి అడిగి తెచ్చాడు. పాడైన లౌడ్‌స్పీకరు అయస్కాంతం పగలగొట్టి ముక్కలు తీశాడు. వాటి చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగితీగ వేల చుట్లు చుట్టాలట, తీగల మోతను రేడియోకి అందించేది అదేనట. అంత సన్నం షాపు మిషను మీద నిలవలేదు. నా కుట్టుమిషనుకు దారం చుట్టే చిన్న చక్రం ఉంటుంది కదా, దానికి బిగించి నన్ను తిప్పమన్నాడు. నేను తిప్పుతుంటే వాడు తీగను రెండువేళ్ల మధ్య పట్టుకుని చుట్లు లెక్కపెట్టేవాడు. మధ్యలో, పాలు పొంగుతున్నాయేమో చూసిరానా అన్నాను. తిప్పే వేగం మారి తీగ తెగింది.

"పాలు పొంగితే పొంగనియ్యవే తల్లీ!" అని నెత్తి కొట్టుకుని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ పూట నిజంగానే పాలు పొంగిపోయాయి. నేను చక్రం వదల్లేదు. వాడితో అంతసేపు ఎదురెదురుగా కూర్చున్నది, వాడి కాలికి నూనె రాసిన రోజుల తర్వాత అప్పుడే.

పుష్యంలో తీగలు కట్టి మా రేడియోకి తగిలించాడు. వాళ్ల నాన్న పంచె ఎగ్గట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"ఇంత తీగ చుట్టి మోటారు చేస్తే నీళ్లన్నా పోస్తది. ఇదేం పోస్తదిరా?"

"చెవుల్లో పోస్తది, ఉండు నాన్నా."

వాయించాడు. ఆ శబ్దం ఎలా ఉందో చెప్పే మాటలు నా దగ్గర లేవు. వాళ్ల నాన్న పంచె దింపి అరుగు మీద కూర్చున్నారు. వీడు వెళ్లిపోతాడు, ఇది నిజంగానే వీణ్ణి తీసుకుపోతుందని నాకప్పుడే అర్థమైంది. విజయవాడలో ఏ గదిలో ఉంటాడు, మెట్లు ఎలా ఎక్కుతాడు, కింద పడితే ఎవరు లేపుతారు.

పది రోజులు బాగానే పలికింది. పదకొండో రోజు నుంచి మెడ ముందుకు వంగడం మొదలైంది. పైన ఆరిన కర్ర లోపల ఇంకా పచ్చిగానే ఉంది. తీగలు మెట్ల నుంచి పైకి లేచాయి, నొక్కితే వేళ్లు తెగి నెత్తురు కారేది. తీగలు వదులు చేసి, మెడను మంచంకోడుకు కట్టి, మీద ఇటుకలు పెట్టాడు. విప్పిన గంటకే మళ్లీ వంగింది.

"రేపు వెళ్లకపోతే చోటు పోతుందమ్మా," అన్నాడు. నా కళ్లలోకి చూడలేదు. ఆ ఒక్క మాటకు నేను అటకెక్కి పనస పలక దించినా అప్పటికప్పుడు ఇంకో మెడ తయారు కాదు. కాని ఎక్కనైనా ఎక్కలేదు నేను.

దుప్పటిలో చుట్టుకుని మొదటి బస్సుకు వెళ్లాడు. సాయంత్రం నాలుగింటికి నేను అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తుంటే బస్సు ఆగింది. ముందు దుప్పటి మూట దిగింది, తర్వాత చేతికర్ర, తర్వాత వాడు. ఆ క్షణంలో నాకు బాధ కలగలేదు. హమ్మయ్య అనిపించింది. కడుపునిండా అన్నం తిన్నట్టు అనిపించింది. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

"ఏమన్నార్రా?" అన్నారు వాళ్ల నాన్న.

"చెయ్యి బాగుంది, కర్ర బాగాలేదన్నారు. గురువారం నుంచే పెళ్లిళ్లంట. ఇంకో అతన్ని పెట్టేసుకున్నారు."

మర్నాడు నేను పనస పలక దించి వాడి ముందు పెట్టాను. వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"తలుపులకి ఉంచమ్మా. మంచి కర్ర," అన్నాడు.

ఆ గిటారు మరలు విప్పి ఆర్కెస్ట్రావాళ్లకు తిరిగి పంపేశాడు. కర్ర ఏం చేశాడో నేను అడగలేదు. బుల్‌బుల్ కూడా మళ్లీ ముట్టుకోలేదు. అంతకుముందు వైండింగు కడుతూ కూనిరాగం తీసేవాడని షాపులో చెప్పుకునేవాళ్లు. తర్వాత ఆ మాట ఎవరూ అనలేదు. పెళ్లి చేశాం, పిల్లలు పుట్టారు, షాపు వాడిదే అయింది. చూసినవాళ్లందరూ స్థిరపడ్డాడనే అన్నారు. పండగపూట కూడా మా ఇంట్లో రేడియో పెట్టేవాళ్లు లేరు.

వాళ్ల నాన్న పోయిన ఏడు, ఒక మధ్యాహ్నం వాడు అన్నం తింటుంటే ఇక ఆపుకోలేకపోయాను.

"ఒరేయ్, ఆ రోజు నువ్వు బస్సు దిగితే నాకు సంతోషమేసిందిరా."

వాడు ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

"తెలుసు. బస్సు మెట్టు మీద నుంచే నీ మొహం చూశా."

నేను మజ్జిగ గిన్నె దగ్గరికి జరుపుకున్నాను.

"అందుకే మర్నాడు ఆ పనస పలక తీసుకోలేదు," అన్నాడు. కోపంగా అనలేదు. ఇంకొంచెం మజ్జిగ పొయ్యమన్నాడు. పోశాను. తాగి, చెయ్యి కడుక్కుని, ఎవరిదో మోటారు ఇవ్వాలంటూ షాపుకు వెళ్లిపోయాడు.