పోశవ్వ ఉతికిన గుడ్డ

నాంపల్లిలో ఒక ఆడపిల్లల కాలేజీ. అక్కడి వృక్షశాస్త్రం ల్యాబులో బాలమల్లు ఏడేళ్లుగా టెంపరరీ అటెండరు. చదివింది ఐదో తరగతే. కానీ మంగలి కత్తి పట్టి జొన్న కాడను ఉల్లిపొరలా కోయడంలో ఎమ్మెస్సీలు కూడా అతని ముందు దిగదుడుపే. కోసేది ఒకరు, పేరు ఇంకొకరికి. లోకం తీరే అంత!

అది 1972. లెక్చరర్ విద్యావతి నాలుగేళ్లుగా జొన్న కాడలో కణాల గోడల మీద పరిశోధన చేస్తోంది. ఆ గోడలు మాత్రమే మెరిసే రంగు కావాలి. అరువు తెచ్చిన అతినీలలోహిత మైక్రోస్కోపును శనివారం తిరిగిచ్చేయాలి. ఒక రంగు వేస్తే కణం మొత్తం వెలిగి గోడ మరుగున పడింది. ఇంకోటి వేస్తే అక్కడక్కడా నాలుగు చుక్కలే మెరిశాయి. శుక్రవారం మూడోది వేస్తే స్లైడు నిండా నీలి దారాలు!

"ఇదీ కల్తీ రంగే. నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైంది," అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది.

బాలమల్లు ఆ స్లైడు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. దాని మీదున్నవి స్లైడ్లు తుడిచిన గుడ్డ దారాలని అతనికి తెలిసిపోయింది. మొన్న ఆ గుడ్డలు ఇంటికి తీసుకుపోతే, భార్య పోశవ్వ సుల్తాన్ బజారులో కొన్న తెలుపు పొడి వేసి మల్లెపువ్వుల్లా ఉతికింది. అతన్ని పర్మినెంటు చేయడానికి విద్యావతి రాయాల్సిన రిపోర్టు ఇంకా బల్ల మీదే ఉంది. ఇప్పుడు నోరు విప్పితే అది అంతే సంగతులు. అయినా పాపం, ఆ మనిషి కడుపులో అబద్ధం ఇమడదు.

"మేడమ్, తప్పు నాది. గుడ్డలు ఇంటికాడ ఉతికిచ్చిన. మా ఆడామె తెల్లగయ్యే పొడి ఏసింది. గా దారాలు గుడ్డవే."

విద్యావతి కోపంగా లేచింది, అంతలోనే ఆగిపోయింది. "నూలు దారమంటే పత్తి కణం గోడే కదా! ఆ పొడి దాన్ని పట్టుకుని మెరిసిందన్నమాట. అయితే జొన్న గోడనూ పట్టుకోవాలి. ఇంట్లో ఇంకా ఉందా?"

"ఔ మేడమ్, జర ఆగుండ్రి."

గన్‌ఫౌండ్రీ వెనక గల్లీలోని ఇంటికి పరుగున వెళ్లి పొట్లం తెచ్చాడు. చిటికెడు పొడి నీళ్లలో కలిపి, తాను కోసిన ముక్కను ముంచి, కడిగి స్లైడు మీద పెట్టాడు. విద్యావతి మైక్రోస్కోపు మీదికి వంగింది. వరసగా ఫోటోలు తీసింది. ఆ తర్వాత బల్ల మీది రిపోర్టు తీసుకుని, అతని ముందే రాసి సంతకం పెట్టింది.

"ఇక కూర్చుని చూడు," అంటూ తన స్టూలు ఖాళీ చేసింది.

ఏడేళ్లుగా ఆ స్టూలు తుడిచాడే కానీ ఏనాడూ దాని మీద కూర్చోలేదు. బెరుకుగా కూర్చుని చూశాడు. చీకట్లో గదులు గదులుగా, గోడలు మాత్రమే నీలంగా వెలుగుతున్నాయి. ఒక్క గోడ కూడా చిరగలేదు.

"మేడమ్, గివన్నీ నేను కోసినయేనా?" అని అడిగి, సంతోషం పట్టలేక ఏడ్చేశాడు.