డోర్కాస్ వంకర వేలు

డోర్కాస్ టిబ్ కుడిచేతి చిటికెన వేలు వంకర. పన్నెండో ఏట తడి దుప్పట్లు పిండుతుంటే విరిగింది. కట్టు కట్టే నాథుడు లేకపోయాడు. ఆ చేత్తోనే అవెరెల్ వారింట్లో చిన్న దొరసానికి తల దువ్వేది, పెద్ద దొరసానికి రోజూ పొద్దున్నే టీ అందించేది. నేను ఆ ఇంటి వంటమనిషిని.

కోడలు లెటిస్ దొరసాని కాపురానికొచ్చిన ఏడు, బాత్ పట్నం నుంచి చిత్రకారుణ్ణి పిలిపించారు. అత్తగారు తన పెళ్లినాటి నీలిపట్టు గౌను ఇచ్చి, పనివాళ్ల ఒంటికి అది తగలకూడదని ఆన పెట్టింది. ముఖం కోసం కోడలు మూడు రోజులు కూర్చుంది. మెడ కింది భాగానికి ఆ బట్టలు తొడుక్కుని ఎవరు కూర్చున్నా ఒకటే, పెద్దిళ్లన్నిటా జరిగేదే. నాలుగో రోజు వేవిళ్లు తట్టుకోలేక, కోడలు తలుపు గడియపెట్టి డోర్కాస్‌కి గౌను తొడిగింది. ఆ పిల్ల వద్దంటున్నా వినలేదు. అత్తగారికి తెలిస్తే మంచి నడవడిక చీటీ ఇవ్వకుండా గెంటేస్తుంది. ఆ చీటీ లేని పనిమనిషికి మా సీమలో ఏ గడపా తెరుచుకోదు.

చిత్రకారుడు పటాన్ని బాత్‌లో ముగించి, క్రిస్మస్ ముందు చట్రం కట్టి పంపాడు. అందరం చూస్తుండగా ముసుగు తీశారు. ముఖం కోడలిదే. ఒళ్లో, నీలిపట్టు మీద, వంకర తిరిగిన చిటికెన వేలు. ముఖానికి లేని అందం అద్దిన మహానుభావుడికి చెయ్యి దగ్గరికొచ్చేసరికి నిజాయితీ పుట్టుకొచ్చింది.

డోర్కాస్ చేతులు వెనక్కి దాచుకుంది. పెద్ద దొరసాని కళ్లద్దాలు పెట్టుకుని పటానికి ముక్కు తగిలేంత దగ్గరికెళ్లింది.

“ఈ వేలు ఎవరిదమ్మాయ్?”

“నాదే అత్తయ్యా.” కోడలు చిటికెన వేలు కొక్కెంలా వంచి చూపించింది. “చిన్నప్పుడు గుర్రం మీంచి పడ్డాను.”

“నేనెప్పుడూ చూళ్లేదే.”

“చేతితొడుగులుంటాయి కదండీ.”

పెద్దావిడ డోర్కాస్ వైపు చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత టీ చల్లారిపోతోందని వెళ్లి కూర్చుంది.

అది మొదలు ఆరేళ్లు, అత్తగారి ఎదుట కోడలి వేలు వంగే ఉంది. భోజనాల దగ్గర, చర్చిలో, బిడ్డను ఎత్తుకున్నప్పుడు కూడా. ఆవిడ మొగుడు దొరగారికి ఎటూ వేటకుక్కలు తప్ప ఏమీ కనపడవు. ఎప్పుడు మరిచిపోతుందోనని డోర్కాస్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికింది. సాయంత్రాలు చిన్న దొరసాని వేలికి బాతు కొవ్వు రాసి నొక్కేది.

ఏడో ఏడు మార్చిలో పెద్ద దొరసాని మంచాన పడింది. ఆఖరి రోజు నేను జావ పట్టుకెళ్లేసరికి డోర్కాస్ నీళ్ల గిన్నెతో నిలబడి ఉంది. పెద్దావిడ కోడలి చెయ్యి తడిమి పట్టుకుంది.

“ఇక చాచుకోవే ఆ వేలు,” అంది. “డోర్కాస్‌ని ఎవరూ పంపించెయ్యర్లే.”